గడిలో లేని కూర

మేము జహీరాబాదు పల్లెలకు ఆహారపరిశోధనకై మొదట పోయిన నాడు మా సంచిలో అచ్చువేసిన ప్రశ్నపత్రము లుండెను. ఇంట బియ్య మెంత, పప్పెంత, నూనె యెంత, కొన్న కూర లెన్ని యని అందు వరుసగా గడులు గీయబడి యుండెను. ఒక వృద్ధురాలి యింట కూరల గడిలో సున్న చుట్టితిమి. ఆమె యే కూరయు కొనలేదు గదా! ఆమె యడిగి తెలిసికొని, "పొద్దుగాల చేన్ల తెంపుకొచ్చింది కూర గాదా బిడ్డా?" అనినది.

మాకు సిగ్గు కలిగినది. అంతకు ముందే పై కార్యాలయమునకు పంపిన పత్రములలో ఇట్టి సున్న లెన్నో! వానిని దిద్దుటకు మాకు మరల వీలు చిక్కలేదు.

మరునాడు ఆమె వెంట జొన్నచేనికి పోయితిమి. ఎవ్వరును విత్తని జొన్నచెంచలి, దొగ్గలికూర, తుమ్మికూర సాళ్ల నడుమ మొలచి యుండెను. మేము కలుపని చదివినది వారికి పూటకూర. కలుపుమందు చల్లిన చేనిలో నవి మిగులవు. అప్పుడు మొదట నష్టపడువాడు మందు చల్లించిన ఆసామి కాడు. సొంత చేను లేక పరుల చేల కూర కోసికొను కూలిస్త్రీయే నష్టపడును. కాని మా సున్నను నమ్మిన అధికారికి ఆ నష్టము కనబడదు. మొదలే లేనిది పోయిన దెట్లు?

ధాన్యము విషయమునను ఇట్లే జరిగినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చి ఎందరి ఆకలినో తీర్చినది; అది కాదనరాదు. అయినను మెట్టనేలల జొన్నకు, కొఱ్ఱకు ఆ దుకాణమున చోటు లేకపోయెను. ఆ ప్రాంతమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వారి మహిళాసంఘములు 1990 దశకమున బీళ్లను దున్నించి, పండిన జొన్నలను ఊరిలోనే నిలువచేసి, బీదలకు తక్కువ ధర కిచ్చు ఏర్పాటు చేసికొనినవి. 2013 ఆహారభద్రతాచట్టము బియ్యము, గోధుమలతోపాటు జొన్న, సజ్జవంటి ధాన్యములకును చోటిచ్చి, కిలోకు ఒక రూపాయి ధర నిర్ణయించినది. ఆలస్యముగా నైనను ఒక గడి యేర్పడినది.

పిమ్మట మేము ప్రశ్నలను ఆ స్త్రీలతోనే కూర్చించితిమి. వ్రాసికొని పోయినదానిని తిరిగి వచ్చి అరుగుపై చదివి వినిపించి, వారు తప్పన్నచోట దిద్దితిమి. మా యుద్యోగమున మేము నేర్చిన చదువు ఆ దిద్దుబాటులే.

చదువరులారా! చదువుకొన్న మన బిడ్డలు రేపు ఇట్టి పనులకు పోవుదురు. గడులు గీయుటకు ముందు ఒక పూట ఆ యింటి పొయ్యి కడ కూర్చుండి రమ్మని వారికి చెప్పుడు.