నారు మోసేదెవరు?

ఫోన్‌లో ఒక ఫొటో వచ్చింది. కోదాడలో ఏదో ఆఫీసు. ఫాల్స్ సీలింగులో వరసగా చదరపు లైట్లు. కింద నాలుగు ముక్కల కబురు: ‘మొత్తం 48 లైట్లు. పాతవి తీసి కొత్తవి పెట్టాలి. సామాను మాది. కూలీ ఎంత?’

నడిగూడెంలో టీకొట్టు బల్లమీద కూర్చుని ఆ వైర్‌మన్ వేళ్లమీదే లెక్క వేశాడు. ఒక లైటుకి 20 నిమిషాలు. 48 లైట్లకు 16 గంటలు. తనూ, మేనల్లుడూ కలిసి రెండు రోజుల్లో తేల్చేయొచ్చు. లైటుకి 150 రూపాయల చొప్పున 7,200. మేనల్లుడికి రోజుకు 700 ఇచ్చినా ఇంకా బాగానే మిగులుతుంది. టీ చల్లారకముందే బదులు పంపేశాడు. అవతలివాళ్లు బేరమాడకుండా సరేనన్నారు. అప్పుడే అనుమానం రావాల్సింది!

అది 2022 చలికాలం.

నడిగూడెం పేరు తెలియని ఊరేం కాదు. మునగాల పరగణా జమీందారు రాజా నాయని వెంకటరంగారావు కోట ఇక్కడే ఉంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టడానికి అండగా నిలిచినవాళ్లలో ఆయన ఒకరు. పింగళి వెంకయ్య పత్తి మీద పరిశోధన చేసిందీ ఈ సంస్థానంలోనే. అంతటి ఊళ్లోనూ టెస్టరు జేబులో పెట్టుకుని తిరిగేవాడికి ఏడాది పొడుగునా పని దొరకదు. మోటారు కాలిపోతేనో, కొత్త ఇల్లు కడితేనో పిలుస్తారు. మిగతా రోజుల్లో కోదాడో, సూర్యాపేటో పోవాల్సిందే. అందుకే పెద్ద పని తగిలిందన్న సంతోషంలో ఆఫీసు మొహం చూడకుండానే మాటిచ్చేశాడు.

ఇలాంటి పనులు ఈమధ్య బాగా పెరిగాయి. నీలికాంతి ఎల్‌ఈడీని సాధించిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. 2015 జనవరిలో ఇళ్లకూ, వీధులకూ ఎల్‌ఈడీలు అందించే పథకాలను కేంద్రం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆఫీసులూ ఒక్కొక్కటిగా అదే దారి పట్టాయి. పాత చదరపు లైటులో 18 వాట్ల చిన్న ట్యూబులు నాలుగుంటాయి. చోకులు తినేది కూడా కలిపితే 80 వాట్లు దాటుతుంది. దాని స్థానంలో వచ్చే ప్యానెల్‌కి 36 వాట్లు చాలు. అలాంటివి 48 మార్చి, రోజుకు పది గంటలు వెలిగిస్తే 21 యూనిట్లు ఆదా. ఈ లెక్క ఆఫీసువాళ్ల దగ్గర పక్కాగా ఉంది. మార్చే మనిషికి ఎన్ని గంటలు పడుతుందన్న లెక్కే ఎవరి దగ్గరా లేదు. మార్చే మనిషి దగ్గర కూడా!

ఆదివారం పొద్దున్నే మామాఅల్లుళ్లు వెళ్లారు. మేడమీద రెండో అంతస్తు. ప్రతి లైటు కిందా ఒక బల్ల, బల్లమీద కంప్యూటరు, పక్కన ఫైళ్ల కట్టలు. నిచ్చెన వేయాలంటే ముందు బల్ల జరపాలి. దుమ్ము పడకుండా కంప్యూటర్‌కి గుడ్డ కప్పాలి. పని అయ్యాక మళ్లీ ఎక్కడిదక్కడ సర్దాలి. ఇక పైకెక్కి చూస్తే... ఏళ్ల తరబడి చోకుల వేడికి వైర్లు ఎండిపోయి, ముట్టుకుంటే పైతొడుగు పొడిపొడిగా రాలుతోంది. చాలాచోట్ల పాత వైరు కోసేసి కొత్త ముక్క వేయాల్సి వచ్చింది. పాత ట్యూబులా, 192! వాటిలో పాదరసం ఉంటుంది. పగలగొట్టి చెత్తలో పారేయడానికి లేదు. ఒక్కొక్కటీ జాగ్రత్తగా అట్టపెట్టెల్లో సర్ది రెండంతస్తులు దించాలి.

సాయంత్రానికి పది లైట్లు అయ్యాయి.

“రేపు పొద్దున్నే వస్తం సార్” అన్నాడతను.

“పగలెట్లా కుదురుతుందయ్యా? మెయిన్ ఆపితే కంప్యూటర్లన్నీ ఆగిపోతయ్. రోజూ అయిదున్నర తర్వాత చేసుకోండి” అన్నారు వాళ్లు. ఆ మాట ముందే అడగాల్సింది తనే. అడగలేదు.

మర్నాటి నుంచి రోజూ సాయంత్రం అయిదున్నరకు మొదలుపెట్టి రాత్రి తొమ్మిదిన్నర దాకా పని. చలిలో బండిమీద ఇల్లు చేరేసరికి ఊరంతా నిద్రలో ఉండేది. నాలుగో రాత్రి, తొందరగా తెమిలిపోతుందని మేనల్లుడు నిచ్చెన తేకుండా బల్లమీద స్టూలు వేసుకుని ఎక్కాడు. స్టూలు ఒరిగింది. పిల్లాడు పడబోతూ సీలింగు చట్రం పట్టుకున్నాడు. పలక ఒకటి ఊడి కిందపడి ముక్కలైంది. పిల్లాడికి ఏమీ కాలేదు. కానీ మామ చేతులు చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి. వాణ్ని స్టూలు ఎక్కించింది తన 20 నిమిషాల లెక్కేనని అతనికి అప్పుడే తట్టింది. చాలని టైముని ఎక్కడో ఒకచోట పూడ్చుకోవాలి కదా! ముందు నిచ్చెన మానేస్తారు. తర్వాత మెయిన్ ఆపడం మానేస్తారు.

పని ముగిసేసరికి ఒక ఆదివారం, ఏడు రాత్రులు పట్టాయి. మొత్తం 36 గంటలు. అంటే లైటుకి 45 నిమిషాలు. మేనల్లుడికి ఎనిమిది పూటల కూలీ 5,600. పెట్రోలు, టేపులు, వైరు ముక్కలు, పగిలిన పలక కలిపి 900. మేస్త్రీకి మిగిలింది 700 రూపాయలు!

“సగమియ్యి చాలు మామా” అన్నాడు పిల్లాడు.

“లెక్క తప్పింది నాది. నీది కాదు” అని మొత్తం చేతిలో పెట్టాడు.

ఆ రాత్రి అన్నం పెడుతూ తల్లి సంగతంతా విన్నది. ఆమె నలభై ఏళ్లుగా సాగర్ ఎడమకాలువ కింద నాట్లు వేస్తున్న మనిషి. వానాకాలంలో కాలువకు నీళ్లొదిలితే చాలు, పదిమంది ఆడవాళ్లను వెంటేసుకుని ఎకరాకింత అని గుత్తకు పడుతుంది. నోటిలెక్కే తప్ప కాగితం ఎరగదు. ఏనాడూ నష్టపోలేదు.

“పొలం చూడకుండ గుత్త ఎట్ల చెప్పినవ్ రా?” అంది.

“లైట్లెన్నో తెలుసు కదమ్మా.”

“ఎకరాలెన్నో తెలిస్తే అయితదా? బురద ఎంతున్నదో చూడాలె. నారుమడి ఎంత దూరమున్నదో చూడాలె. నారు వాళ్లు మోసిస్తరా, మనమే మోసుకోవాల్నా అడగాలె. నాటేది చెయ్యే గానీ నడుం విరిగేది మోతకాడ రా నాయనా!”

అతనికి ముద్ద దిగలేదు. లైటు బిగించడానికి పట్టింది నిజంగా 20 నిమిషాలే. ఆ లెక్క తప్పలేదు. మిగతా 25 నిమిషాలూ మోతే. బల్లలు మోయడం, పాత సామాను మోయడం, ఎవరో ఎప్పుడో వేసిన పాత వైర్ల బరువు మోయడం.

ఆమె చెప్పింది పెద్దపెద్ద వాళ్లూ కనిపెట్టిన సంగతే. అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్ అనే ఆయన ఇటుకపని మేస్త్రీల చేతుల కదలికలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు. 1909లో దానిమీద పుస్తకమే రాశాడు. ఇటుక కోసం ప్రతిసారీ నేలకు వంగడంలోనే మేస్త్రీ ఓపికంతా హరించుకుపోతోందని గమనించి, ఇటుకలు నడుం ఎత్తులో అందేలా మంచె కట్టించాడు. అవి పేర్చి అందించే పని సహాయకుడికి అప్పగించాడు. ఇటుకకు 18 కదలికలు పట్టే పని అయిదుకు దిగింది. అక్కడి ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ల సంఘం అచ్చువేసే కూలీగంటల పుస్తకంలో ఈనాటికీ ఒకే పనికి మూడు రకాల లెక్కలుంటాయి... మామూలు చోటు, కష్టమైన చోటు, మరీ కష్టమైన చోటు అని. ఒక్కమాటలో చెప్పాలంటే గట్టి నేల, బురద నేల, దిగబడే నేల!

మరుసటి వేసవిలో సూర్యాపేటలో ఇంకో ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. 30 లైట్లు. ఈసారి ఫోన్‌లో ధర చెప్పలేదు. వెళ్లాడు. మెట్లు చూశాడు. మెయిన్ బోర్డు చూశాడు. ఎప్పుడు కరెంటు ఆపనిస్తారో అడిగాడు. “ఒక్క లైటు ఊరికే మార్చి చూపిస్తాను సార్” అని గడియారం చూసుకుని మార్చాడు. తర్వాత నోటుబుక్కు కాగితం మీద రాశాడు: లైట్లు మార్చడం 10 గంటలు. బల్లలు జరిపి, కప్పి, మళ్లీ సర్దడం 4. పాత వైర్ల మరమ్మతు 3. పాత ట్యూబులు సర్ది దించడం 2. వెలిగించి చూసి, ఊడవడం 1. మొత్తం 20 గంటలు. ఇద్దరి కూలీ, రానుపోను ఖర్చులు కలిపి గంటకు 275. అంటే 5,500. అనుకోనివి ఏమైనా తగిలితే ఉంటుందని పదో వంతు. వెరసి 6,050.

“లైటుకి నూటయాభై అంటున్నరు కదా బయట. నాలుగున్నర వేలల్లో అయిపోద్ది” అన్నాడు మేనేజరు.

ఇదివరకైతే తల గోక్కుని సరేననేవాడు. ఇప్పుడు కాగితం ముందుకు జరిపాడు. “ఇందులో ఏది అక్కర్లేదో మీరే కొట్టెయ్యండి సార్.”

మేనేజరు చదివాడు. కాసేపు ఆలోచించాడు. పెన్ను తీసి రెండు వరసలు కొట్టేశాడు. “బల్లలు మావాళ్లు శనివారమే జరిపి కప్పి పెడతరు. పాత ట్యూబులు దించేది కూడా మేం చూసుకుంటం.”

ఆరు గంటలు తగ్గాయి. మిగిలిన 14 గంటలకు 3,850, పదో వంతుతో కలిపి 4,235. మేనేజరు అడిగిన దానికన్నా తక్కువే! అయినా మేస్త్రీ జేబుకి చిల్లు పడలేదు. శనివారం మధ్యాహ్నం మెయిన్ ఆపి మొదలుపెడితే ఆదివారం సాయంత్రానికి 30 లైట్లూ వెలిగాయి. మేనల్లుడు ఒక్కసారి కూడా నిచ్చెన వదిలి స్టూలు ఎక్కలేదు. ఎక్కాల్సిన తొందర లేదు మరి.

బేరమంటే మనకు తెలిసింది ఒకటే... అవతలి మనిషి కూలీలో కోత పెట్టడం. పనిని విడమర్చి రాసుకుంటే కోత పెట్టాల్సింది కూలీలో కాదు, మోతలో అని తెలుస్తుంది. ఇంటికి పెయింటర్‌ని పిలిచినా, ప్లంబర్‌ని పిలిచినా అంతే. సామాను మనమే సర్ది పెడితే ఎంత తగ్గిస్తావని అడిగి చూడండి. చాలామంది తగ్గిస్తారు, అదీ సంతోషంగా.

ఆ రాత్రి ఇంటికి రాగానే డబ్బులు తల్లి చేతిలో పెట్టాడతను. ఆమె లెక్కపెట్టుకోలేదు. ఒకటే అడిగింది.

“నారు ఎవరు మోసిన్రు రా?”

“వాళ్లే మోసుకున్నరమ్మా.”

“మరి కూర్చో. అన్నం తిను” అందామె.