గాలి పొయ్యితో ఇంటి సంధి

పేరులో ఫ్రై ఉందన్న మాటే గానీ ఎయిర్ ఫ్రయర్ దేన్నీ వేయించదు. లోపల ఒక కాయిల్ వేడెక్కుతుంది. ఓ ఫ్యాను ఆ వేడిగాలిని చిల్లుల బుట్ట చుట్టూ జోరుగా తిప్పుతుంది. అంతే. ఒక్క మాటలో చెప్పాలంటే అది గాలి వేగం పెంచిన బుల్లి ఓవెన్. 2010లో బెర్లిన్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో ఫిలిప్స్ కంపెనీ దాన్ని ఆవిష్కరించినప్పుడు చెప్పుకున్న గొప్పంతా బంగాళాదుంపల గురించే. దాని రూపకర్త, నెదర్లాండ్స్‌కు చెందిన ఫ్రెడ్ వాన్ డెర్ వెయ్ తాపత్రయం కూడా నూనె మూకుడు లేకుండా కరకరలాడే ఫ్రెంచ్ ఫ్రైస్ కోసమే. ఆ తర్వాత జనం అందులో పెట్టని పదార్థం లేదు. హైదరాబాద్, విజయవాడ వంటిళ్లలో బెండకాయలు, అప్పడాలు, చికెన్ ముక్కలు. అమెరికాలో ఏకంగా స్టేక్.

స్టేక్ అంటే అంగుళం, అంగుళంన్నర మందాన కోసిన గొడ్డు మాంసపు ముక్క. ఉప్పు, మిరియాలు తప్ప మసాలా ఉండదు. పులుసు ఉండదు. దాన్ని గాలిలో వండటం చేయి తిరిగిన వాళ్ల దృష్టిలో అపచారం. వాళ్లకు స్టేక్ అంటే ఎర్రగా కాలిన ఇనుప పెనం, ఇల్లంతా పొగ, చుయ్‌మనే చప్పుడు. వాళ్ల వాదనలో పస లేకపోలేదు. 200 డిగ్రీల ఓవెన్‌లో చేయి క్షణం పాటు పెట్టి తీయొచ్చు. అదే 200 డిగ్రీలున్న పెనాన్ని ముట్టుకుంటే బొబ్బలెక్కుతుంది. గాలి కన్నా ఇనుము అంత వేగంగా వేడిని అందిస్తుంది. రుచి పందెంలో పెనానిదే గెలుపు. కాకపోతే ఇంట్లో ఏ పొయ్యి ఎక్కడ ఉండాలన్నది రుచి ఒక్కటే తేల్చే విషయం కాదు.

డాలస్ శివారులోని ఓ తెలుగు ఇంట్లో అది తేలడానికి నాలుగేళ్లు పట్టింది. అతను సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నలభైకి దగ్గర పడుతున్నాడు. స్టేక్ అలవాటు ఆఫీసు విందుల్లో అంటుకుంది. అమెరికాలో పశువులు అత్యధికంగా ఉన్న రాష్ట్రం టెక్సస్. అక్కడ క్లయింట్‌ను భోజనానికి తీసుకెళ్లడమంటే చాలాసార్లు స్టేక్ హౌస్‌కే. భార్య కోడిగుడ్డు దాటి ముందుకు వెళ్లదు. తెనాలి దగ్గరి పల్లె నుంచి వచ్చే తల్లి మేక, కోడి, చేప తింటారు. గొడ్డు మాంసం పేరెత్తరు.

2019లో మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడ పాత చీరలో చుట్టి సూట్‌కేసులో దోసె పెనం తెచ్చుకున్నారు. పాతికేళ్లు దోసెలు పోసి పోసి నున్నగా నల్లబడిన ఇనుప పెనం. స్టేక్ ప్రియులు డాలర్లు పోసి కొని, నెలల తరబడి నూనె రాసి తయారుచేసుకోవాలని చూసే పెనం సరిగ్గా అలాంటిదే. ఓ శనివారం సాయంత్రం అత్తాకోడళ్లు గుడికి వెళ్లగానే అతను దాని మీద స్టేక్ కాల్చాడు. వాళ్లు తిరిగొచ్చేసరికి పొగ అలారం మోగుతోంది, కిటికీలు తెరిచి ఉన్నాయి, పెనం ఇంకా పొయ్యి మీదే ఉంది.

ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు దోసెలకు బదులు ఇడ్లీలు వేశారు. పెనాన్ని తోమించి గరాజ్‌లో పెట్టించారు. ఆరు నెలలుందామని వచ్చిన మనిషి, పొలం పని ఉందంటూ మూడో నెలలోనే టికెట్ మార్పించుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత కోవిడ్ వచ్చి పడింది. ఫోన్‌లో అన్నీ మాట్లాడుకునేవారు, ఆ పెనం గురించి తప్ప.

దీన్ని తెలుగువాళ్ల ఆచారమని అనేస్తే పొరపాటు. పెద్దకూర అన్న మాట తెలంగాణలో ఊరికే పుట్టలేదు. ఎన్నో దళిత, ముస్లిం కుటుంబాల్లో అది రోజువారీ తిండి, విందు భోజనం కూడా. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బీఫ్ ఫెస్టివల్ ఘర్షణగా మారినప్పుడు అసలు ప్రశ్న ఎవరి తిండి మీద ఎవరి పెత్తనమన్నదే. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం కూడా గోవధను నిషేధిస్తూనే, పనికి, పాడికి ఇక పనికిరావని అధికారులు ధ్రువీకరించిన ఎద్దులకు, గేదెలకు మినహాయింపునిచ్చింది. మన హోటళ్లలో మెనూ కార్డు మీద బీఫ్ స్టేక్ అని ఉన్నా పళ్లెంలోకి ఎక్కువగా వచ్చేది గేదె మాంసమే. ఈ తల్లి పట్టింపు మాత్రం రాజకీయానికి సంబంధించింది కాదు. కొడుకును తినొద్దని ఆవిడ ఎన్నడూ అనలేదు. పాత్ర కలవకూడదు, అదొక్కటే.

అందుకు నమూనా ఆవిడ కాపురంలోనే ఉంది. ఆవిడ అత్తగారు భర్త పోయాక నీచు మానేశారు. అప్పట్నుంచి ఆదివారం మాంసం పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీదికి మారింది. దాక వేరు, గరిటె వేరు. వండేది మగవాళ్లు. తిన్నవాళ్లు నూతి దగ్గర నోరు పుక్కిలించి లోపలికి రావాలి. దాన్ని ఎవరూ వెలివేతగా తీసుకోలేదు. అత్తగారి మాటా చెల్లింది, ఆదివారమూ చెల్లింది. పెరడు అంటూ ఒకటి ఉంది కాబట్టి ఆ ఇల్లు రెండు ముక్కలు కాలేదు.

డాలస్‌లో అద్దెకున్న టౌన్‌హౌస్‌కు ఆ పెరడు లేదు. కాలనీ నిబంధనల ప్రకారం బొగ్గుల గ్రిల్ కూడా కుదరదు. 2023లో తల్లి రెండోసారి వస్తున్నారని తెలిశాక అతను వంటింట్లోని ఎయిర్ ఫ్రయర్‌ను తీసుకెళ్లి గరాజ్‌లో, కారు పక్కన ఓ బల్ల మీద పెట్టాడు. స్టేక్ ఇక అక్కడే. నూనె చిందదు, మంట ఉండదు, మూత లోపలే అంతా జరిగిపోతుంది. పొగ కూడా తక్కువే. కొవ్వు కారి మాడకుండా బుట్ట కింది అరలో రెండు చెంచాల నీళ్లు పోస్తే దాదాపు ఉండదు. తయారు చేసినవాళ్లు ఊహించని సుగుణం ఇది. చంకలో పెట్టుకుని వెళ్లి ఎక్కడ ప్లగ్ ఉంటే అక్కడ పెరడు చేసుకోవచ్చు.

మొదట్లో వంట మాత్రం దారుణంగా వచ్చేది. ముక్క పైన బూడిద రంగు, లోపల గట్టిదనం. ఉడకబెట్టినట్టే ఉండేది. పాల కోసమో దేనికోసమో గరాజ్ గుమ్మం దాకా వచ్చిన తల్లి రెండు వారాలు చూసి ఊరుకున్నారు. మూడోసారి ఆగలేకపోయారు.

‘‘ఏరా, తడి ఆరకుండానే పడేశావేం? చేపముక్కయినా గుడ్డతో అద్దకుండా వేస్తే వేగుద్దా?’’

స్టేక్ విషయంలో ఇంతకు మించిన సలహా ఏ చెఫ్ ఇవ్వగలడు? నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరవుతుంది. పైన తడి ఉన్నంతసేపూ మాంసం ఉపరితలం ఆ గీత దాటి వేడెక్కదు. ఇక గోధుమ రంగు, కమ్మటి వాసన రావాలంటే దాదాపు 140 డిగ్రీలు కావాలి. ప్రోటీన్లలోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు కలిసి చేసే ఆ మార్పును ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ కమీ మయార్ 1912లో వివరించాడు. వేపుడుకు, కాల్చిన రొట్టెకు, వేయించిన కాఫీ గింజకు రుచినిచ్చేది అదే. మండే పెనమైతే తడిని క్షణాల్లో ఎగరగొడుతుంది. గాలికి ఆ శక్తి లేదు. పైతడి పోయేలోపే లోపల మాంసం ఉడికి బిగుసుకుపోతుంది. అందుకే ఎయిర్ ఫ్రయర్‌లో స్టేక్ వండేవాడి అసలు వంట ముందురోజు రాత్రే జరగాలి. ఉప్పు రాసి, మూత పెట్టకుండా, జాలీ మీద ఫ్రిజ్‌లో ఉంచాలి. ఉప్పుకు ఊరిన నీరు తిరిగి లోపలికి ఇంకుతుంది, పైచర్మం ఆరుతుంది.

మూత పెట్టని గొడ్డు మాంసం ఏ ఫ్రిజ్‌లో? అదో తగువు. గరాజ్‌లో చిన్న ఫ్రిజ్ ఉంది గానీ అందులో ఆవిడ కరివేపాకు, కొబ్బరి చిప్పలు, ఊరి నుంచి తెచ్చిన ఆవకాయ ఉన్నాయి. ఒకరోజు పొద్దున్నే ఆవిడే వాటన్నిటినీ లోపలి ఫ్రిజ్‌లోకి సర్దేసుకున్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

రెండో తగువు ఎరుపు దగ్గర. కోసిన ముక్క నుంచి ఎర్రటి నీరు కారడం చూసి ఆవిడ మొహం తిప్పుకున్నారు. అది నెత్తురు కాదు. నెత్తురు వధశాలలోనే పోతుంది. కండరంలో ప్రాణవాయువును నిల్వచేసే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ నీటితో కలిస్తే ఆ రంగు వస్తుంది. అయినా ఎంత ఉడికితే చాలన్నది పట్టించుకోవాల్సిన ప్రశ్నే. ముక్కగా ఉన్న మాంసానికి సూక్ష్మజీవుల బెడద ప్రధానంగా పైభాగంలోనే. కీమాలో అవి లోపలికంతా కలిసిపోతాయి. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ స్టేక్ లోపల 63 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, ఆపైన 3 నిమిషాలు ఆగాలంటుంది, కీమాకైతే 71 డిగ్రీలు. స్టేక్ ప్రియులు 55 దగ్గరే దించేస్తారు. అతనూ అంతే. పదేళ్ల కొడుక్కి వండినప్పుడు మాత్రం 63కి తగ్గనివ్వడు. ముల్లులాంటి థర్మామీటరు గుచ్చి చూడటం తప్ప దీనికి అడ్డదారి లేదు.

బాగా ఉడికితే తప్ప ముట్టని తల్లిది చాదస్తమా? కాదు. అక్కడి స్టేక్ సాధారణంగా రెండేళ్లలోపు వయసుండి, ధాన్యం మేసి కొవ్వు పట్టిన పశువుది. అందులోనూ రిబ్ ఐ లాంటి ముక్కలు పెద్దగా పని చేయని కండరాలవి. వాటికి గట్టి పీచు తక్కువ, కాసేపు వేడి తగిలితే చాలు. కొండలెక్కి తిరిగిన మేక, పాడి ఉడిగిన గేదె సంగతి వేరు. పని చేసిన కండరంలోని గట్టి కొల్లాజెన్ కరగాలంటే తడి వేడి మీద గంటల తరబడి మరగాలి, లేదంటే కుక్కర్ ఎక్కాలి. అందుకే మనకు దాక, పులుసు, పచ్చి బొప్పాయి. అదే ముక్కను ఎయిర్ ఫ్రయర్‌లో పెడితే వచ్చేది చెప్పు తోలు. హైదరాబాద్‌లో గేదె మాంసం తెచ్చి డాలస్ కొలతలతో స్టేక్ చేయబోయేవాళ్లు ఇది గుర్తుంచుకుంటే పళ్లు మిగులుతాయి. అలాగని రిబ్ ఐ తెచ్చి ఏడు విజిల్స్ రానివ్వడం కూడా డబ్బు దండగే.

పైన కాలిస్తే రసం లోపలే బందీ అవుతుందన్న నమ్మకం మరొకటుంది. 19వ శతాబ్దపు జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ పేరు మీద చెలామణి అయిన ఆ మాట తప్పని ఎప్పుడో తేలింది. కాల్చేది రుచికే, రసానికి కాదు. గాలి పొయ్యి వాడేవాళ్లకు ఇది శుభవార్తే. ఇప్పుడతను యంత్రాన్ని 200 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు ఖాళీగా తిప్పుతాడు. ఆరిన ముక్కకు పల్చగా నూనె రాసి పెడతాడు. ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు. 52 డిగ్రీలకు తీసి పక్కన పెడితే లోపలి వేడే మరో మూడు డిగ్రీలు పెంచుతుంది. పెనం మీద వచ్చే నల్లటి చెక్కు రాదు. రాదని తెలిసే వండుకుంటాడు.

మొదటి నెల అతను కారు పక్కన మడత కుర్చీ వేసుకుని తిన్నాడు. లోపల బల్ల దగ్గర తల్లి, భార్య, పిల్లాడు. ఒక రాత్రి ఆవిడ గుమ్మంలో నిలబడ్డారు. ‘‘దిక్కులేనివాడిలా ఆ కారు పక్కన కూర్చోవడమేంట్రా? వేరే పళ్లెంలో పెట్టుకుని లోపలికి రా.’’ గాజు పళ్లెం ఒకటి దానికని విడిగా కొన్నారు. బల్లకు ఆ చివర అతను, ఈ చివర పప్పన్నంతో ఆవిడ. అక్కడే తిన్నాడు. నోరు కడుక్కుని రమ్మని మాత్రం ఇప్పటికీ చెబుతారు. ఆసారి ఆవిడ ఆరు నెలలూ పూర్తిగా ఉన్నారు.

వెళ్లేముందు వంటింట్లోకి మరో ఎయిర్ ఫ్రయర్ కొనిపించారు, కాకరకాయల కోసం. లోపలిది బయటికి పోదు, బయటిది లోపలికి రాదు. మళ్లీ వచ్చేటప్పుడు ఊరి నుంచి కొత్త దోసె పెనం తెచ్చుకున్నారు. పాతది గరాజ్ అరలోనే ఉంది, తుప్పు పట్టకుండా అతను అప్పుడప్పుడూ నూనె రాస్తుంటాడు. వాడుకోమని ఆవిడ చెప్పలేదు. వాడనా అని అతనూ అడగలేదు.