గడప దగ్గర కెమెరా

మన ఆడవాళ్ళకు కెమెరా ముందు నిలబడే అలవాటే గానీ వెనక నిలబడే అలవాటు నిన్న మొన్నటి దాకా లేదు. పెళ్ళిళ్ళలో ఫోటోగ్రాఫర్ "కొంచెం గదుమ పైకెత్తండమ్మా" అంటే ఎత్తాం. "ఇటు చూడండి" అంటే చూశాం. ఎందుకు ఎత్తమన్నాడో, ఎందుకు అటే చూడమన్నాడో అడగలేదు. ఇప్పుడు ప్రతి చేతిలో ఫోన్ ఉంది. వండిన కూర, కట్టిన చీర, పేర్చిన బతుకమ్మ అన్నీ మనమే తీస్తున్నాం. అయినా ఎక్కడ నిలబడి తీయాలి అన్నది మాత్రం ఎవరమూ పెద్దగా పట్టించుకోం. నాకు ఆ ఆలోచన మా అమ్మాయి కంప్యూటర్‌లో చేసిన ఒక బొమ్మ వల్ల వచ్చింది.

మా అమ్మాయి హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతోంది. సెలవులకు చొప్పదండి వచ్చినా లాప్‌టాప్ వదలదు. బ్లెండర్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, 2002 నుంచి అందరికీ ఉచితమేనట. దాంట్లో గోడలు, దూలాలు, చెట్లు, కుండలు ఒక్కొక్కటీ మట్టిబొమ్మలు చేసినట్టు చేసి పెడతారు. కాగితం మీద వేసిన ఇంటికి ఒక్క ముఖమే ఉంటుంది. ఈ ఇల్లు అట్లా కాదు. చుట్టూ తిరిగి చూడొచ్చు, పైకెక్కి చూడొచ్చు, లోపలికి పోయి వంటింట్లోంచి కూడా చూడొచ్చు. అంతా అయ్యాక ఎక్కడో ఒక చోట కెమెరా పెట్టాలి. ఆ కెమెరా కంటికి ఆనిందే బొమ్మ. ఆననిది ఎంత కష్టపడి చేసినా లేనట్టే లెక్క.

తను చేసింది మా తల్లిగారిల్లు. మా తల్లిగారి ఊరు మానేరు ఒడ్డున ఉండేది. మధ్య మానేరు ప్రాజెక్టులో మునిగింది. బోయినపల్లి మండలం మాన్వాడ దగ్గర కట్టిన ఆ రిజర్వాయర్‌నే శ్రీ రాజరాజేశ్వర ప్రాజెక్టు అంటున్నారు. 25 టీఎంసీలకు పైనే నీళ్ళు పడతాయి. 2019 ఆగస్టులో మా పక్కనే రామడుగు మండలం లక్ష్మీపూర్‌లో గాయత్రి పంప్‌హౌస్ నుంచి కాళేశ్వరం నీళ్ళు ఎత్తిపోస్తుంటే మా గల్లీ వాళ్ళంతా ఆటోలు కట్టించుకుని చూడబోయారు. నేనూ పోయాను. పాల నురుగులాగా దుంకుతున్న ఆ నీళ్ళు వరద కాలువ పట్టుకుని పోయేది మధ్య మానేరుకే. నీళ్ళ కోసం ఏండ్ల తరబడి మొక్కుకున్న జిల్లా మనది. కాబట్టి ఆ నీళ్ళను చూసి సంతోషపడని వాళ్ళు లేరు. అందరితో పాటు నేనూ దండం పెట్టాను. పెడుతూనే అమ్మ గుర్తుకొచ్చింది. అప్పటికే అమ్మ ఆర్ అండ్ ఆర్ కాలనీలో స్లాబ్ ఇంట్లో ఉంటోంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ పాత ఇంటికి సరైన ఫోటో ఒక్కటి కూడా లేదు. నా పెళ్ళి ఫోటోల్లో మనుషుల వెనక ఒక స్తంభం ముక్క, ఒక దర్వాజ మూల, పందిరికి అడ్డం పడిన గూన పెంకల చూరు కనిపిస్తాయి. అంతే. ఆ ముక్కలు చూసుకుంటూ, నన్నూ మా అన్ననూ అడుగుతూ, మా అమ్మాయి నెల రోజులు కూర్చుని ఇల్లు నిలబెట్టింది. కూరాడు పెట్టే మూల, చేదబాయి గిరక, వాకిట్లో యాపచెట్టు, అరుగు మీద నునుపెక్కిన బండ, ఏదీ వదలలేదు. అంటే ఇక మీదట ఆ ఇంటికి మిగిలే ఫోటో ఈ బొమ్మ ఒక్కటే. అందుకే కెమెరా ఎక్కడ పెట్టాలన్న దగ్గర మా ఇంట్లో రెండు రోజులు పెద్ద చర్చే జరిగింది.

మొదట మా అమ్మాయి కెమెరాను నేల మీద పెట్టింది. జానెడు ఎత్తు నుంచి పైకి చూస్తుంది. ఇల్లు ఆకాశం అంటుకున్నట్టు ఉంది. వెనక నుంచి కొండంత అల లేచి మీద పడబోతోంది. మా వారు టీ గ్లాసు పట్టుకుని వచ్చి చూసి "అచ్చం బాహుబలి లెక్క ఉన్నది" అన్నారు. ఆయన అన్న దాంట్లో అబద్ధం లేదు. 2015లో వచ్చిన ఆ సినిమాలో భల్లాలదేవుడి బంగారు విగ్రహం నిలబెట్టే సన్నివేశం మీరూ చూసే ఉంటారు. అంత ఎత్తు విగ్రహాన్ని చూసి మన మెడ పైకి లేచిందంటే అది చూపించిన తీరు వల్లనే. కింది నుంచి చూస్తే దేనికైనా బలం వస్తుంది. కంప్యూటర్‌లో చేసిన మాహిష్మతి నిజం నగరంలాగా కనిపించేటట్టు చేసినందుకు వి. శ్రీనివాస్ మోహన్‌కు జాతీయ అవార్డు కూడా వచ్చింది.

కానీ నేను మా అమ్మాయితో ఒకటే అన్నాను. "బిడ్డా, మన ఊరి మీదికి నీళ్ళు ఇట్ల రాలే." నిజంగానే రాలేదు. రిజర్వాయర్ నీళ్ళు అలలాగా లేవవు. మా అన్న కట్ట మీద నిలబడి చూసి వచ్చి చెప్పేవాడు. ఇయ్యాల గుడి మెట్ల దాక వచ్చినయ్. నాలుగు రోజులకు, మన బాయి గిరక దాక వచ్చినయ్. ఇంకో వారానికి, యాపచెట్టు కొమ్మలు మాత్రం కనవడుతున్నయ్. అంత నెమ్మదిగా వచ్చాయి. ఆ నెమ్మదే మమ్మల్ని తినేసింది. ఒక్క దెబ్బకు పోతే ఏడ్చి ఊరుకునేవాళ్ళం.

రెండోసారి కెమెరాను పైకి తీసుకుపోయింది. పెళ్ళిళ్ళలో డ్రోన్ ఎగరేస్తారు చూడండి, ఆ ఎత్తు. ఊరు మొత్తం ఒక్క చూపులో వచ్చింది. గూన కప్పులు, గుడి, బడి, వాగు, చుట్టూ నీలం నీళ్ళు. చూడటానికి ఎంతో చక్కగా ఉంది. ఒక ఊరికి ఎంత నష్టం జరిగిందో లెక్క తెలియాలంటే ఆ కోణమే సరి. కాకపోతే ఆ ఎత్తు నుంచి మనిషి కనిపించదు. గడపకు రాసిన పసుపు కనిపించదు.

ఈ పైనా కిందా సంగతి అర్థం కావాలంటే బతుకమ్మను తలుచుకోండి. నిలబడి పై నుంచి ఫోటో తీస్తే గునుగు, తంగేడు, కట్ల పూల వరుసలు చక్రాల్లాగా కనిపిస్తాయి. ఎంత ఓపికగా పేర్చామో తెలుస్తుంది. అదే నేల మీద కూర్చుని కింది నుంచి తీస్తే గుడి గోపురంలాగా లేస్తుంది, పైనున్న గౌరమ్మకు ఎత్తు వస్తుంది. అదే బతుకమ్మ, అవే పూలు. పై నుంచి చూస్తే మన పనితనం, కింది నుంచి చూస్తే దేవత.

పాత సినిమాల వాళ్ళకు ఈ సంగతి కంప్యూటర్లు రాకముందే తెలుసు. 1957 నాటి మాయాబజార్‌లో ద్వారకను బొమ్మరిళ్ళలాంటి చిన్న చిన్న ఇళ్ళతో కట్టారు. కె.వి. రెడ్డి దర్శకుడు, మార్కస్ బార్ట్లే కెమెరామన్. బొమ్మరిల్లు బొమ్మరిల్లుగా కనిపించకూడదంటే కెమెరా దానికి తగిన చోటే ఉండాలి కదా! పిల్లల బొమ్మరింటిని మనం నిలబడి చూస్తే ఆట వస్తువు, పడుకుని కన్ను దాని గడపకు ఆనించి చూస్తే మేడ. 2012లో వచ్చిన ఈగ సినిమాలో దీన్నే తిరగేశారు. ఈగ ఎత్తులో నిలబడి చూస్తే మనిషి కొండలాగా ఉంటాడు. అంత పెద్ద మనిషి మీద ఈగ పగ తీర్చుకుంటుంటే మనం ఈగ పక్షాన కూర్చున్నాం. ఈగకూ బాహుబలికీ కెమెరా పట్టింది ఒక్కరే, కె.కె. సెంథిల్ కుమార్. ఒకదాంట్లో రాజ్యం, ఒకదాంట్లో పురుగు. ఎవరి ఎత్తులో కెమెరా ఉంటే వాళ్ళ బాధ మన బాధ అవుతుంది.

మన చేర్యాల నకాశీ పటాల పద్ధతి వేరు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే పటం మీద కోణాల గొడవే లేదు. ఎర్రటి నేల మీద అందరూ వరసగా ఉంటారు, ముఖ్యమైన వాళ్ళను పెద్దగా వేస్తారు. కథ చెప్పేవాడు పక్కన నిలబడి వేలు పెట్టి చూపిస్తాడు కాబట్టి అదే చాలు. మా అమ్మాయి బొమ్మ పక్కన అట్లా నిలబడి చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు. ఆ పని కెమెరానే చేయాలి.

మూడో బొమ్మకు కెమెరాను ఇంటి లోపలికి తెచ్చింది. దర్వాజలోంచి వాకిలి కనిపిస్తుంది, వాకిట్లోకి నీళ్ళు అప్పుడే వస్తున్నాయి. అల లేదు, ఉరుము లేదు. నీటి మీది వెలుగు లోపల దూలాల మీద ఆడుతోంది. చౌకట్టే పటం కట్టినట్టు నాలుగు దిక్కులా ఉంది. కెమెరా ఎత్తు అయిదున్నర అడుగులు పెట్టానని, అది మనిషి నిలబడి చూసే ఎత్తని చెప్పింది. కొంచెం పక్కకు ఒరగదీసి కూడా చూపించింది. సినిమాల్లో భయం పుట్టించాలంటే అట్లా ఒరగదీస్తారట. మా కంటికి మాత్రం తాగినోడు చూసినట్టు అనిపించి నవ్వొచ్చింది. తనూ నవ్వి, మళ్ళీ తిన్నగా పెట్టింది.

ఆదివారం మూడు బొమ్మలూ పట్టుకుని అమ్మ దగ్గరికి పోయాం. అమ్మకు డెబ్బై దాటాయి, చత్వారం ఉంది. అద్దాలు పెట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంది. మొదటి బొమ్మ చూసి "ఇదెవలి గడి బిడ్డా?" అంది. దొరల గడి అనుకుంది! రెండో దాని మీద వేలు పెట్టి వెతుక్కుంది. "ఇన్ని ఇండ్లల్ల మనది ఏది?" అని అడిగింది. మూడోది రాగానే వేలు ఆగిపోయింది. చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమోనని నేను భయపడ్డాను. అమ్మ ఏడవలేదు.

"మంచిగున్నది గని, నేనెన్నడు నిలవడి చూసిన బిడ్డా? బియ్యం ఏరినా, బీడీలు చుట్టినా గడప కాడ కూసునే చూసిన. కూసున్నోళ్ళకు వాకిలి గింత కిందికి కనవడది" అంది.

మా అమ్మాయి మారు మాట్లాడకుండా కెమెరాను రెండున్నర అడుగులకు దించింది. దించగానే ఆ వాకిలి మారిపోయింది. ఇంతకుముందు కింద ఎక్కడో ఉన్న నీళ్ళు ఇప్పుడు గడపకు ఎదురుగా, కళ్ళకు కొంచెం కిందనే నిలబడ్డాయి. దాటిపోవడానికి లేదు, లేవబుద్ధి కాదు. కొండంత అలను చూసినప్పుడు పుట్టని బెదురు అప్పుడు నాకు పుట్టింది.

అమ్మ ఇంకొకటి కూడా చెప్పింది. "చూరు నీడ గడప దాక రావాలె. నేను కూసునేది పొద్దుగాల." మా అమ్మాయి సూర్యుణ్ణి జరిపింది. నీడ గడప దాకా వచ్చింది. అమ్మ తలూపి, చాయ్ పెట్టమని నన్ను లోపలికి పంపింది.

మా అమ్మాయి దగ్గర నేను నేర్చుకున్నవి నాలుగు మాటలు మీకూ చెబుతాను. బొమ్మలు చేసే పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్ళకు చెప్పండి, లేకపోతే మన ఫోన్‌కైనా పనికొస్తాయి.

రంగులు వేయకముందే కోణం చూసుకోవాలి. ముగ్గుకు చుక్కలు పెట్టుకున్నట్టన్నమాట. మా అమ్మాయి అంతా బూడిద రంగులో ఉండగానే నాలుగైదు కెమెరాలు పెట్టి, చిన్న సైజు బొమ్మలు తీసి పక్కపక్కన పెట్టి చూస్తుంది. పెద్ద బొమ్మ తయారవడానికి ఒక్కోసారి రాత్రంతా పడుతుంది కాబట్టి ముందే తేల్చుకుంటే కరెంటూ మిగులుతుంది, నిద్రా మిగులుతుంది.

లెన్సు సంగతి కూడా చూడాలి. బ్లెండర్‌లో కెమెరా మామూలుగా 50 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. దాన్ని 20 దాకా తగ్గిస్తే ఎక్కువ చోటు పడుతుంది, దగ్గరున్నవి ఉబ్బుతాయి, దూరంవి చిక్కిపోతాయి. పిల్లల ముఖానికి ఫోన్ మరీ దగ్గర పెడితే ముక్కు పెద్దదైనట్టు. మా గడప బొమ్మకు చివరికి 35 సరిపోయింది.

చిన్న పిల్లల ఫోటో తీసేటప్పుడు మనం కూర్చోవాలి, వాళ్ళ కళ్ళ ఎత్తుకు రావాలి. నిలబడి తీస్తే మాడు మాత్రమే వస్తుంది. పళ్ళెంలో పరిచిన సకినాలు పై నుంచి తీస్తే బాగుంటాయి, పేర్చిన గారెలు పక్క నుంచి బాగుంటాయి. బతుకమ్మను కింది నుంచి తీయాలంటే ఫోన్ తలకిందులుగా పట్టుకోండి, లెన్సు నేలకు దగ్గరవుతుంది.

అన్నిటికంటే ముందు, ఈ బొమ్మ ఎవరి కళ్ళతో చూస్తున్నామో అనుకోవాలి. గొప్పగా కనిపించే కోణం దొరకడం కష్టం కాదు, కెమెరా నేల మీద పెడితే ఎవరికైనా దొరుకుతుంది. ఆ చోట బతికిన మనిషి ఏ ఎత్తులో కూర్చుందో తెలియాలంటే ఆ మనిషినే అడగాలి. ఆమె ఉండగానే అడగాలి.

మీ ఇల్లు ఏ నీళ్ళలోనూ మునగాల్సిన పని లేదు. పాతబడిందని రేపో మాపో విప్పి స్లాబ్ వేస్తాం కదా! దానికి ముందు ఒకసారి మీ అమ్మగారో అత్తగారో రోజూ కూర్చునే చోట మీరు కూర్చోండి. ఫోన్‌ను కళ్ళ దగ్గర పెట్టుకుని, వాళ్ళు ఎటు చూస్తారో అటు ఒక్క ఫోటో తీసి పెట్టండి. మనుషులు లేకపోయినా ఫరవాలేదు, వాళ్ళు చూసేది ఉంటుంది.