తుప్పును తుడవని సైఖల్‌గర్

శుక్రవారం కోబె మస్జిదులో జుమా నమాజు చేసుకుని, మరునాటి ఉదయమే మేము ఒసాఫునెకు బయలుదేరాము. ఉద్యోగరీత్యా కోబెలో నివసిస్తున్న మా కుమారుడు ఇరవై రోజులు తన వద్ద గడపమని పిలిపించి, "ఏమి చూస్తారు అబ్బా?" అని అడిగినప్పుడు "కత్తులు" అన్నాము. అతడు నవ్వాడు. ముప్పై ఏళ్ళుగా మదరసా పిల్లలకు అరబ్బీ వ్యాకరణం బోధిస్తున్న మాకు కత్తులతో పనేమిటన్నది అతని సందేహం. ఆ పనేమిటో ముందుకు పోయాక చెప్పుకుందాం.

ఒకాయామాలో పెద్ద రైలు దిగి చిన్న రైలు ఎక్కాలి. ఒసాఫునె యోషీ నదికి చేరువలో, పొలాల మధ్య ఒదిగిన ఊరు. ఈ ప్రాంతానికి పాతపేరు బిజెన్. జపాన్ ప్రభుత్వం జాతీయ నిధులుగా ప్రకటించిన ఖడ్గాలు నూటికి పైగా ఉండగా, వాటిలో దాదాపు సగం బిజెన్ కమ్మరుల చేతిపనే. 16వ శతాబ్ది చివర వచ్చిన వరదలు ఆ కమ్మరివాడలను తుడిచిపెట్టాయి. ఇప్పుడు అక్కడ ఖడ్గాల మ్యూజియం, దానిని ఆనుకుని పనివారి కార్ఖానాలు ఉన్నాయి. 13వ శతాబ్దిలో ఇక్కడే రూపొంది, తరువాత ఉఎసుగి కెన్‌షిన్ అనే యుద్ధవీరుని చేతికి చేరిన 'యమతొరిగె' ఖడ్గం పుట్టినచోటికి తిరిగి రావాలని స్థానిక సెతొఉచి పురపాలకులు దేశమంతటా విరాళాలు సేకరించి 2020లో దానిని కొన్నారు. వెల 50 కోట్ల యెన్లు. ఒక చిన్న పట్టణం ఒక్క ఇనుపముక్క కొరకు ఇంత శ్రమపడటం మొదట మాకు వింతగానే తోచింది.

ఆ వింత తీరినది కార్ఖానాలో. మన పెద్దలు సైఖల్‌గర్ అని పిలిచే పనివానిని వారు 'తొగిషి' అంటారు. ఆయన పొట్టి పీటపై ముడుచుకుని కూర్చుని, సానరాయి కదలకుండా దానిపై ఆనించిన కర్రను కుడిపాదంతో తొక్కిపట్టి, నీళ్ళు చిలకరిస్తూ కత్తిని ముందుకూ వెనక్కూ నడుపుతున్నారు. గరుకు రాయితో మొదలై ఒకదానికంటే ఒకటి నునుపైన రాళ్ళు వరుసగా వస్తాయి. చివరికి రాయిని గోరంత పలుచని పలుకులుగా చీల్చి, వెనుక కాగితం అతికించి, బొటనవ్రేలి కింద ఉంచి రుద్దుతారు. ఒక్క కత్తికి వారాలు పడుతుంది. యంత్రం ఊసే లేదు.

ఇంత శ్రమ దేనికి? కమ్మరి ఎర్రగా కాల్చిన కత్తిని నీటిలో ముంచే ముందు వెన్నుకు మట్టి మందంగానూ, అంచుకు పలుచగానూ పూస్తాడు. అంచు త్వరగా చల్లబడి గట్టిపడుతుంది, వెన్ను కాస్త మెత్తగా నిలుస్తుంది. రెండింటి సరిహద్దున పొగమంచు వంటి గీత ఏర్పడుతుంది. దానిని 'హమోన్' అంటారు. సానపట్టేవాడు ఈ గీతను సృష్టించడు, లోపల ఉన్నదానిని కంటికి కనబడేలా చేస్తాడు. కానీ ప్రతి సానతోనూ కొంత ఉక్కు అరిగిపోతుంది. పైపొర అరిగితే లోపలి మెత్తటి ఇనుము, చిరిగిన షేర్వానీలో నుండి అస్తరు కనబడినట్లు బయటపడుతుంది. అందుకే ఎంత తక్కువ తీస్తే అంత గొప్ప పనివాడు.

మమ్మల్ని నిలిపివేసిన సంగతి మరొకటి. కత్తి అంతా అద్దంలా ఉండగా, పిడిలో ఇమిడే భాగం నల్లని తుప్పుతో అలాగే ఉంది. వారు దానిని ఎన్నడూ తోమరు. కమ్మరి చెక్కిన పేరు, ఆకురాయి గాట్లు, మేకు రంధ్రాలు అన్నీ అక్కడే ఉంటాయి. కత్తి వయసుకు ఆ తుప్పు రంగే సాక్షి. పేర్లకు నకిలీలు పుట్టవచ్చు, శతాబ్దాల తుప్పును పుట్టించడం తేలిక కాదు. నిపుణులను పరీక్షించేటప్పుడు మాత్రం ఆ భాగాన్ని కప్పివేసి కత్తిని చేతికిస్తారు. వంపు, ఉక్కు పొరల తీరు, హమోన్ చూసి కమ్మరి పేరు చీటీపై రాయాలి. హదీసు విద్యార్థులకు కథకుని పేరు దాచి పరీక్ష పెట్టినట్లే అనిపించింది. పూర్వం హొనామి వంశీయులు సానపట్టడం, విలువ కట్టడం రెండూ చేసేవారు. నేడు 1948లో ఏర్పడిన కళాఖడ్గ పరిరక్షణ సంఘం అంతస్తులవారీగా ధ్రువపత్రాలు ఇస్తున్నది.

సేకరించేవారికి ఒక నియమం ఉంది. 1945లో ఓటమి తరువాత అమెరికా సైన్యం కత్తులను స్వాధీనం చేసుకోసాగింది. కళావిలువ గలవాటికి మినహాయింపు దొరికింది. నేటికీ నమోదు పత్రమిచ్చేది పోలీసులు కారు, విద్యామండలి. కత్తి చేతులు మారితే ఇరవై రోజులలో ఆ మండలికి తెలపాలి.

ఇక మా పని. మా దాదాగారి వద్ద ఒక ఖంజరు ఉండేది. దాని ఫౌలాదు కోనసముద్రానిదని ఇంటి పెద్దలు చెప్పేవారు. నిజామాబాద్ ప్రాంతపు ఆ ఊరి ఉక్కు కొరకు ఇస్ఫహాను వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్ది తొలిభాగంలో వోయ్సీ అనే ఇంగ్లీషు భూగర్భశాస్త్రవేత్త రాశాడు. ఖంజరుపై నీటి అలల వంటి జౌహర్ ఉండేది. మాకు పదహారేళ్ళప్పుడు ఈదుకు అతిథులు వస్తున్నారని, దాదాగారిని మెప్పించాలని, దానిని చింతపండు, ఇటుకపొడితో మధ్యాహ్నమంతా తోమాము. తళతళలాడింది. దాదాగారు కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "జౌహర్ పోయింది బేటా" అని మాత్రం అన్నారు. ఆ ఈదునాడు ఖంజరును అతిథులకు చూపలేదు.

మా కుమారుని ద్వారా ఈ సంగతి ఆ పనివానికి చెప్పించాము. ఆయన సాన ఆపి, మీ దేశపు ఉక్కు నాకు తెలియదు కానీ ఆ చార ఉక్కు లోతున ఉండేదైతే పైపై తోముడుతో పూర్తిగా పోదు, తెలిసినవాని చేతికి చేరేదాకా మరెవ్వరినీ ముట్టనివ్వకండి అన్నారు. పిడి లోపలి భాగం తోమారా అని అడిగారు. లేదు, పిడి మాకు ఊడి రాలేదు అన్నాము. ఆయన ముఖం వికసించింది.

ఖంజరు ఇప్పుడు మా తమ్ముని ఇంట ఉంది. తిరుగు రైలులోనే ఫోను చేశాము. "భాయీజాన్, ఏటా ఈదుకు మీరు నేర్పినట్లే తోముతున్నాను కదా!" అన్నాడు. ఇక ఇటుకపొడి వద్దు, కుట్టు మిషను నూనె పలుచగా రాసి, మెత్తని బట్టలో చుట్టి ఉంచు, మేము వచ్చి చూస్తామని చెప్పాము.