గొల్లభామ చీర, వేరొకరి చిరునామా

వ్యూ ఫ్రేమ్‌వర్క్‌లో డైనమిక్ కాంపొనెంట్ వాడటం మహా తేలిక. కాంపొనెంట్ అనే ట్యాగ్ పెట్టి, ‘ఈజ్’కు ఏ భాగం కావాలో అప్పగిస్తే అదే తెర మీదికొస్తుంది. ఆ తేలికే నన్ను ముంచింది.

సిద్దిపేటలో గొల్లభామ చీరలమ్మే ఒక దుకాణానికి ఆర్డర్ల పేజీ చేసిచ్చాను. నెత్తిన కుండతో నడిచే గొల్లభామ బొమ్మను మగ్గం మీదే నేస్తారు కాబట్టి రంగు, అంచు, బొమ్మల వరుస అన్నీ అడిగి రాసుకోవాలి. చీర, చిరునామా, చెల్లింపు అని మూడు ట్యాబులు. బారెడు ‘వి-ఇఫ్’లు తీసేసి ఒక్క లైనులో ముగించానని మురిసిపోయాను. కాంపొనెంట్‌ను ‘రెఫ్’లో పెట్టినందుకు కన్సోల్ గొణిగింది, ‘షాలోరెఫ్’ చేస్తే ఊరుకుంది.

కౌంటర్ దగ్గరి అక్క మాత్రం ఊరుకోలేదు. “చీర రంగు చూసొచ్చేసరికి రాసిన అడ్రసంతా పాయె తమ్మీ!”

పోదా మరి? ట్యాబు మారగానే పాత కాంపొనెంట్‌ను వ్యూ పూర్తిగా తీసేస్తుంది, దాని లోపలి డేటాతో సహా. డాక్యుమెంటేషన్‌లో ఉన్న మాటే. నేను దాని కింది పేరా చదివి, మొత్తాన్నీ ‘కీప్-అలైవ్’లో చుట్టేశాను. రాసింది పోవడం ఆగింది. అసలు చిక్కు అక్కడే మొదలైంది: ఆర్డరు పూర్తయినా చిరునామా ట్యాబు బతికే ఉంది. తర్వాతి గిరాకీకి పాత అడ్రసే కనిపించింది. హడావుడిలో అక్క సరే నొక్కింది, కరీంనగర్ వెళ్లాల్సిన చీర వరంగల్ వెళ్లింది. పైగా స్టాకును ‘ఆన్‌మౌంటెడ్’లో తెచ్చేవాణ్ణి. బతికున్న కాంపొనెంట్‌కు అది మళ్లీ నడవదు గనక, అమ్ముడైన చీర కూడా ఉన్నట్టే చూపించింది. తప్పు అక్కది కాదు, దుకాణానిదీ కాదు.

ఇప్పుడు ఆర్డరు వివరాలన్నీ పైనున్న పేరెంట్ దగ్గరే ఉంటాయి. కొత్త ఆర్డరు తెరవగానే ఖాళీ. స్టాకును ‘ఆన్‌యాక్టివేటెడ్’లో తెస్తున్నాను. కీప్-అలైవ్ ఒక్క చీరల ట్యాబుకే మిగిలింది, ఎంచుకున్న ఫిల్టర్లు చెదరకుండా. అవి కూడా ప్రతి ఆర్డరుకూ మొదటికి రావాలంటోంది అక్క. ‘కీ’ మారిస్తే వస్తాయి గానీ, మారినప్పుడల్లా పాత ప్రతి లోపలే పేరుకుంటుంది. ‘మాక్స్’ పెడితే వాడి చాలాసేపయినదాన్ని ముందు వదిలేస్తుంది. ఆ ఒక్క ట్యాబుకు ఇంత తతంగం ఎందుకు, ఫిల్టర్లను కూడా పేరెంట్‌కే అప్పగించి కీప్-అలైవ్ తీసేద్దామనుకుంటున్నాను.