ఊరికే ఇచ్చే బియ్యానికి విలువెంత?

ముగింపు సరుకుకి విలువ కట్టేటప్పుడు కొన్న ధర, అమ్మితే వచ్చే ధర... రెండింట్లో ఏది తక్కువైతే అది వేసుకోవాలి. డిగ్రీ పిల్లలకు ఏళ్ల తరబడి ఇదే చెప్పాను. మరి అమ్మడమన్నదే లేనిచోట? రిటైరయ్యాక, ఐక్యరాజ్యసమితివారి ప్రపంచ ఆహార కార్యక్రమం లెక్కలు చూస్తుంటే వచ్చిందీ సందేహం. (కాలక్షేపానికి అందరూ సీరియళ్లు చూస్తారు, నేను బ్యాలెన్స్ షీట్లు చూస్తాను. ఎవరి పిచ్చి వారికానందం!)

సమితి సంస్థల్లో పాత పద్ధతి వేరు. సరుకు కొన్నారంటే ఖర్చయిపోయినట్టే. గోదాముల్లో బస్తాలు నిండుగా ఉన్నా ఆస్తుల పట్టీలో కనిపించేవి కావు. కంపెనీల లెక్కల సూత్రాలనే ప్రభుత్వ సంస్థలకు తగినట్టు మలిచిన అంతర్జాతీయ ప్రమాణాలను పాటించాలని 2006లో సర్వప్రతినిధి సభ నిర్ణయించింది. సమితి సంస్థల్లో వాటిని ముందుగా, 2008లో అమలు చేసింది ఈ ఆహార సంస్థే. 2010 నుంచి 2016 దాకా దాని లెక్కలు తనిఖీ చేసింది మన కాగ్ అని తెలిసి కాస్త గర్వపడ్డాను కూడా.

మా తమ్ముడికి రైసుమిల్లుంది. వాణ్ని అడిగితే, 'ఊరికే పంచే బియ్యానికి రేటేమిటక్కా, సున్నా రాసుకో' అన్నాడు. వ్యాపారి సూత్రం ప్రకారం వాడన్నది నిజమే. అందుకే ఉచితంగా పంచే సరుకు విషయంలో అమ్మకం ధర తీసేసి, 'ఇవాళ మళ్లీ కొనాలంటే ఎంతవుతుంది' అన్న లెక్క పెట్టారు. కొన్న ధరతో పోల్చి ఏది తక్కువైతే అది. ఎవరికి తట్టిందోగానీ, చక్కని ఆలోచన!

మరో మంచి పనీ జరిగింది. రిటైరైన ఉద్యోగులకు ఇస్తామన్న వైద్యబీమాను, బిల్లు ఇరవయ్యేళ్ల తర్వాత వచ్చినా సరే, వాళ్లు పనిచేసిన కాలంలోనే అప్పుగా చూపాలి. పెన్షనర్ని కదా, ఆ వరుస రెండుసార్లు చదువుకున్నాను.

నాకు మింగుడుపడనిది 'మిగులు'. ఓ దేశం డిసెంబరులో విరాళం ఇస్తానని రాతపూర్వకంగా ఖాయం చేస్తే, అది ఆ ఏడాది ఆదాయం. దాంతో కొన్న బియ్యం మరుసటేడు పంచితే, ఖర్చు మరుసటేడుది. కాబట్టి ఓ ఏడు మిగులు, ఇంకో ఏడు లోటు. అంతవరకూ సర్దుకోవచ్చు. కానీ యుద్ధం వల్ల లారీలు సరిహద్దు దగ్గరే ఆగిపోయాయనుకోండి. బియ్యం గోదాములో ఆస్తిగానే ఉంటుంది. ఖర్చు తగ్గుతుంది. అవతల జనం పస్తులుంటే ఇవతల మిగులు పెరుగుతుంది! కంపెనీ అయితే వాటాదారులు చప్పట్లు కొట్టేవారు. పేపర్లో ఆ ఒక్క అంకె చూసినవాళ్లు 'డబ్బులు మూలుగుతున్నాయి, ఇంకా చందాలెందుకు' అనుకుంటే తప్పెవరిది?

అందుకే ఆ అంకె దగ్గర ఆగకుండా వెనక పేజీల్లోని సరుకు నిల్వ వివరాలకు వెళ్తాను. ఏడాది మొదట్లో ఎంత ఉంది, ఎంత కొన్నారు, ఎంత పాడైంది అన్నీ అక్కడుంటాయి. వాటి మధ్యలో 'పంచినది' అని ఓ వరుస ఉంటుంది. నేను మొదట వెతికేది దాన్నే.