రాళ్ల మధ్య సామలు

నేను కోందు బిడ్డను. పాడేరు ఏజెన్సీలో ఎలిమెంటరీ స్కూల్ మాస్టారిని. డి.ఎడ్. చదివే రోజుల్లో యేసు ప్రభువును నమ్ముకున్నాను. ఇప్పటికి 20 ఏళ్లు దాటింది. ఆదివారం ప్రార్థన అయ్యాక చుట్టుపక్కల ఊళ్లకు నడిచి వెళ్లి నా విశ్వాసం గురించి చెబుతుంటాను. కొందరు పీట వేసి అంబలి ఇస్తారు. కొందరు నన్ను చూడగానే పోడులో పని ఉందని లేచి వెళ్లిపోతారు. రెండేళ్లు కూటానికి వచ్చి మానేసినవాళ్లూ ఉన్నారు. మా సొంత మామ అయితే 11 ఏళ్లు నాతో మాట్లాడలేదు.

అందులో తప్పు నాదే. నేను కొత్తగా నమ్ముకున్న ఏడాది, చైత్రంలో ఇటుకల పండుగ వచ్చింది. ఇంటింటి నుంచి తెచ్చిన విత్తనాలకు పూజ చేసి అందరికీ పంచుతున్నారు. మామ నా చేతిలో గుప్పెడు సామలు పోయబోయాడు. "దెయ్యాలకు పెట్టింది నాకొద్దు" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఊరంతా చూసింది. మామ ఒక్క మాట అనలేదు. గింజలు మళ్లీ గంపలో పోసి వెళ్లిపోయాడు. ఆ రోజు గొప్ప సాక్ష్యం చెప్పానని అనుకున్నాను.

నా మాటలోనూ లోపం ఉంది. హాస్టల్లో చదువుకున్నవాణ్ణి కదా, పుస్తకం తెలుగులో రక్షణ, పశ్చాత్తాపం అంటూ చెప్పేవాణ్ణి. ముసలివాళ్లు తలలూపేవారు. ఒకసారి అంతా విన్నాక ఒక అవ్వ, "బాబూ, పింఛను ఎప్పుడిస్తారంటావు?" అని కువిలో అడిగింది. నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. షుల్జే అనే మిషనరీ మన కువి నేర్చుకుని 1911లో దాని వ్యాకరణం అచ్చు వేయించాడు. పరాయివాడు మన భాష కోసం అంత కష్టపడ్డాడు. ఆ భాషలో పుట్టిన నేనేమో దాన్ని బడి గుమ్మం దగ్గర వదిలేశాను.

అప్పటి నుంచి కువిలోనే చెబుతున్నాను. ఒక సాయంత్రం మా ఊరి అరుగు మీద, విత్తేవాడి గురించి యేసు చెప్పిన కథ చెబుతున్నాను. మామ కాస్త దూరంగా కూర్చుని బుట్ట అల్లుకుంటున్నాడు. రాళ్ల మీద పడిన గింజ మొలిచి ఎండిపోయిందని నేను అనగానే తలెత్తాడు.

"మన కొండ మీద రాయి లేని చోటెక్కడుందిరా? ఆ రాళ్ల మధ్యే సామలు, చోళ్లు పండించి నిన్ను పెంచాం. చల్లిన గింజను రోజూ తవ్వి చూస్తామా? వాన పడాలి కదా" అన్నాడు.

11 ఏళ్ల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. అందరి ముందు చేసిన అవమానానికి అందరి ముందే క్షమించమని అడిగాను.

మామ నేటికీ ప్రభువును నమ్ముకోలేదు. పండుగ మానలేదు. జ్వరం వస్తే మాత్రం నాకే కబురు పెడతాడు. "ముందు ఆసుపత్రికి తీసుకెళ్లు, దారిలో నీ ప్రార్థన చేసుకో" అంటాడు. నేనూ అదే చేస్తాను. మందులు మానేసి ప్రార్థన చేయమని ఎవరికీ చెప్పను.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. మన మతాన్ని నమ్మడానికి, ఆచరించడానికి, ప్రచారం చేసుకోవడానికి రాజ్యాంగం 25వ అధికరణ హక్కు ఇచ్చింది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ కూడదని 28వ అధికరణ చెప్పింది. రెండూ మనకు కావాలి. బడి గంట కొట్టాక నేను మాస్టారిని మాత్రమే. పండుగ చేసే ఇంటి పిల్లలు, ప్రార్థన చేసే ఇంటి పిల్లలు ఒకే బల్ల మీద కూర్చుంటారు. వాళ్ల మధ్య గీత గీయడానికి నాకు జీతం ఇవ్వడం లేదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీలో విశ్వాసం చెప్పేవాళ్లు ఉంటే, వినలేదని ఎవరి మీదా కోపం పెట్టుకోకండి. మానకండి, తొందరపెట్టకండి. మన పెద్దలను చిన్నబుచ్చి చెప్పే మాట ఎంత మంచిదైనా వాళ్ల చెవికి చేరదు. అది తెలుసుకోవడానికి నాకు 11 ఏళ్లు పట్టింది.

ఇప్పుడు ప్రతి చైత్రంలో మామ, పూజకు విత్తనాలు తీసుకెళ్లే ముందే గుప్పెడు సామలు విడిగా మూట కట్టి నాకోసం ఉంచుతాడు. అలా చేయమని నేను అడగలేదు. వాటిని మా పోడులో చల్లుతున్నాను. ఆదివారం మళ్లీ ఆ అరుగు మీదే కూర్చుంటాను.